ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా: ఏ పనికి ఏ భాష

బెజవాడలో రైలెక్కి హౌరా లైనులో పైకి పోతే తెలుగు ఎక్కడ ఆగుతుంది? మ్యాపు చూసి చెప్పమంటే ఇచ్ఛాపురం అవతల, పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర అని చెప్పేయవచ్చు. అక్కడికి వెళ్ళి నిలబడితే మాత్రం ఆ గీత కనిపించదు. చెక్‌పోస్టుకు ఇవతల ఇచ్ఛాపురం, కవిటి, మందస మండలాల్లో ఒడియా మాట్లాడే ఇళ్ళు బోలెడు. అవతల గోపాల్‌పూర్ మీదుగా పూరీలోని పెంఠకటా దాకా, ఇసుక వెంబడి ఉన్న చేపలవాళ్ళ పేటల్లో తెలుగు. పడమటి కొండల్లోకి వెళ్తే ఈ రెండూ కాని సవర. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్య భాష, సవర ముండా శాఖకు చెందినది, కంబోడియా ఖ్మేర్‌కు దూరపు చుట్టం. సముద్రానికీ మహేంద్రగిరికీ మధ్యనున్న ఆ ఇరుకు నేల మీద మూడు భాషా కుటుంబాలు ఒకే సంతలో బేరమాడుకుంటాయి.

2025 ఆగస్టు 26 నుంచి 30 దాకా తిరిగి, ఇంటికొచ్చాక వారం గడవకముందే రాసుకున్నది ఇది. ఆ రోజులే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. వానాకాలం ఒడిశాలోని గంజాంలో మొగలిపూల కాలం. 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజు, ఆ పొద్దుకు ఆయన మాస్టరుగా పనిచేసిన పర్లాకిమిడిలో ఉండాలి. రైలు ఛార్జీలు పోను మనిషికి ఐదున్నర వేలు అయింది, అందులో సగం గదులకే.

ఆగస్టు 26: కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం

సోంపేట అని బోర్డున్న స్టేషను సోంపేటలో లేదు, కంచిలిలో ఉంది. కవిటి వైపు పోయేవారు అక్కడే దిగడం మేలు. స్టేషను బయట ఆటోలు షేరు మీద కవిటికి తీసుకెళ్తాయి. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్దానం అన్న పేరే ఉద్యానంలోంచి వచ్చింది. పాత చెట్ల మధ్య పొట్టిగా కనబడే కొబ్బరి చెట్లు 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటల్ని కూల్చాక నాటినవి.

కృష్ణా, గుంటూరు చెవికి మొదట తగిలేది ఒడియా కాదు, ఇక్కడి తెలుగే. "ఏటి బావూ, ఎక్కడ్నుంచొచ్చినారు?" అని అడిగితే బావ వరస కలిపారని మనవాళ్ళు తడబడతారు. అది బావ కాదు, బాబు. పెద్దాచిన్నా లేకుండా మర్యాదగా పిలిచే పిలుపు. రాగులు ఇక్కడ చోళ్ళు, సజ్జలు గంట్లు, పిల్లాడు గుంటడు. మన వైపు గుంటడంటే తిట్టినట్టు ఉంటుంది, ఇక్కడ అందులో ముద్దు ఉంది. ఈ నాలుగు మాటలూ ముందే తెలుసుకుని వెళ్తే సగం అపార్థాలు తప్పుతాయి.

కవిటిలో భోజనం వంద రూపాయలు. వంకాయ కూరలో పనసపిక్కలు, పప్పు బదులు దాల్మా. కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ ముక్కలు వేసి ఉడికించి, వేయించిన జీలకర్ర ఎండుమిర్చి పొడి చల్లుతారు. వడ్డించినామె మాకు "పప్పు" అంది, పక్క బల్లకు "దాల్మా" అంది, గిన్నె ఒక్కటే.

ఈ ఊళ్ళలో "మీది ఏ భాష?" అని అడిగి లాభం లేదు. తెలుగువాళ్ళు అడిగితే "తెలుగే" అంటారు, ఒడియావాళ్ళు అడిగితే "ఒడియా" అంటారు. అది అబద్ధం కాదు, వచ్చినవాడికి ఇచ్చే మర్యాద. అడగాల్సింది పనులను బట్టి. చిన్నప్పుడు అమ్మ ఏ భాషలో కోప్పడేది? బడిలో ఏ అక్షరాలు దిద్దారు? సంతలో బేరం ఏ భాషలో? మనసులో లెక్క ఏ భాషలో వేసుకుంటారు? చావింట ఏడుపు ఏ భాషలో? కవిటి టీ కొట్టాయన జవాబులు వరసగా ఇవి: ఒడియా, తెలుగు, ఎదుటివాడిని బట్టి, తెలుగు, ఒడియా. ఒక మనిషికి ఒక భాష అని రాసుకునే కాగితంలో ఈయన ఏ గడిలో పడతాడు?

జనగణనలో దీనికి నిర్వచనం ఉంది. మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోతే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా వినబడిన భాష. దాని పక్కన తెలిసిన ఇంకో రెండు భాషలు కూడా రాయాలి. నిర్వచనం మంచిదే. పాడయ్యేది అడిగే తీరులో. ఇంటి పెద్ద ఒక్కడినే అడిగి అందరికీ ఒకే భాష రాస్తే కోడలి భాష మాయమైపోతుంది. సరిహద్దు ఊళ్ళలో పెళ్ళిళ్ళు గీత దాటి జరుగుతాయి కాబట్టి, అత్త తెలుగు, కోడలు ఒడియా అయిన ఇళ్ళు ఇక్కడ వింత కాదు. 2011 లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనం 27 లక్షలు, గంజాం జిల్లా జనం 35 లక్షలు. వీళ్ళలో ఎంతమందికి రెండు భాషలూ ఎంతో కొంత వచ్చునన్న సంగతి ఆ రెండో, మూడో గడిలోనే దొరుకుతుంది. జనం పేపర్లలో చదివేది మొదటి గడి మాత్రమే.

సాయంత్రం ఇచ్ఛాపురం. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు రాసుకుంటూ పోతే చాలు, పాఠం దొరుకుతుంది. లొద్దపుట్టి, డొంకూరు, బూర్జపాడు. వాటి మధ్యలో తులసిగాం, బెల్లుపడ. ఒడియాలో గాఁ అంటే ఊరు. ఇక్కడ ఒడియా మాధ్యమం బడులు ఉన్నాయి. పుస్తకాలు సమయానికి అందవు, ఒడియా చెప్పే మాస్టర్లు చాలరు అన్నది తల్లిదండ్రుల మాట. అవతల బరంపురంలో తెలుగు బడి పిల్లల తల్లిదండ్రులూ మర్నాడు ఇదే చెప్పారు, మాట పొల్లుపోకుండా.

ఈ తికమకకు మూలం 1936 ఏప్రిల్ 1. ఆ రోజు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా రెండు ముక్కలైంది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. మన వైపు 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగి తెలుగువాళ్ళకో రాష్ట్రం అన్న మాట ఊపందుకుంది. అంతకు పదేళ్ళ ముందే, 1903లో కటకంలో ఉత్కళ సమ్మిళని ఒడియావాళ్ళ కోసం అదే పని మొదలుపెట్టింది. ఇద్దరూ అడిగింది న్యాయమే. ఇద్దరి కోరికలూ ఒకే నేల మీద పడ్డ చోటు గంజాం.

ఆగస్టు 27: బరంపురం

ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు. బోర్డుల మీద బ్రహ్మపుర, నోట్లో "బ్రొహ్మొపురొ". తెలుగువాళ్ళు ఒడియా పట్టుకోవాలంటే మొదట తెలియాల్సింది ఇదే. మన "అ" వాళ్ళ నోట్లో "ఒ"కు దగ్గరగా పలుకుతుంది. జగన్నాథ అంటే "జొగొన్నాథొ". ఈ ఒక్క తాళం చెవి దొరికితే సంస్కృతం మాటలన్నీ తెరుచుకుంటాయి. హిందీలా చివరి అచ్చును మింగెయ్యరు, మాట మనలాగే అచ్చుతో ముగుస్తుంది. "ళ" కూడా ఉంది. అందుకే హిందీ రానివాళ్ళకు కూడా ఒడియా వారంలో చెవికి పడుతుంది. అక్షరాలు మాత్రం మనల్ని మోసం చేస్తాయి. తాటాకు మీద గంటంతో రాసినవి కాబట్టి మనవాటిలాగే గుండ్రంగా ఉంటాయి, ఒక్కటీ చదవలేం. బస్సు నంబర్లలో ఒడియా నాలుగు ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది, జాగ్రత్త.

బజారుకు ఈ మాటలు చాలు: "కెతే?" అంటే ఎంత. చారి నాలుగు, దశ పది, పచాశ యాభై, శహే వంద. ఇరవై దాటాక హిందీలాగా ప్రతి అంకెకూ వేరే పేరు, అక్కడ నోటు చూపించి అడగడమే మేలు. వయసులో పెద్దావిడ అయితే "మావుసీ", మగవారైతే "భాయినా". "తుమే" అనడం దగ్గరివాళ్ళతోనే, కొత్తవారితో "ఆపణ" అనాలి. మన "మీరు"తో సమానం.

పొద్దున్న ఫలహారం నలభై రూపాయలు. ఇడ్లీ, దాని మీద పచ్చడి కాదు, బఠాణీలతో చేసిన ఘుగుని. ఉప్మా మీద కూడా ఘుగునే పోస్తారు. వినడానికి కుదరని జత అనిపిస్తుంది గానీ, బరువైన ఘుగుని పొడిపొడి ఉప్మాకు బాగా పడుతుంది. కొబ్బరి పచ్చడి కావాలంటే విడిగా అడగాలి, ఇస్తారు. తెలుగువాళ్ళ టిఫిను, ఒడియావాళ్ళ కూర ఒకే ప్లేటులో కుదురుకున్న ఊరు ఇది. అప్పడాలకూ ఊరగాయలకూ ఒడిశా అంతటా బరంపురం పేరే చెబుతారు.

నేతవాళ్ళ వీధిలో ఒక పొరపాటు జరిగింది. మగ్గాలు ఎప్పుడు నడుస్తాయని అడిగితే "కాలి" అన్నారు. ఖాళీ, అంటే ఎవరూ లేరన్నట్టు వినబడి, మేం వెనక్కి మళ్ళాం. ఒడియాలో కాలి అంటే నిన్న, రేపు కూడా. ఏ రోజన్నది క్రియను బట్టి తెలుసుకోవాలి. అనుమానం ఉంటే రేపటికి "ఆసంతా కాలి", నిన్నటికి "గతకాలి" అని విడదీసి అడగాలి. ఆ రోజు వినాయక చవితి, మగ్గాలకు సెలవు. వాళ్ళు చెప్పింది రేపు రమ్మని. ఇంతలో లోపల్నుంచి ఒక పెద్దాయన తెలుగులో పిలిచాడు, సంగతి తేలింది.

ఆ తెలుగు అక్కడికి ఊరికే రాలేదు. బరంపురం పట్టు నేసే దేరా వారి పూర్వీకులు మహురి రాజుల కాలంలో రాజమహేంద్రవరం నుంచి వచ్చారని వాళ్ళే చెప్పుకుంటారు. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాతరలో బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుంది, ఆ పుట్టిల్లు దేరా కులపెద్దగారి ఇల్లే. వలస వచ్చిన నేతవారు ఊరి అమ్మవారికి పుట్టింటివారయ్యారు. బరంపురం పట్టును గుర్తుపట్టేది అంచు చూసి. ఫొడా కుంభ అంటారు. అంచు రంగు చీర ఒంటి రంగులోకి గోపురాల వరసలా పొడుచుకుని వెళ్తుంది. మగవారికి అదే పట్టులో పంచె, కండువా కలిపి జోడా. మేం చూసిన చీరలు ఆరు వేల నుంచి మొదలయ్యాయి. బేరం తెలుగులో సాగింది, తగ్గింపు మాత్రం ఆయన కొడుకుతో ఒడియాలో మాట్లాడుకున్నాకే వచ్చింది.

మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ, ఊరి వకీళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. రామలింగం చెరువు అన్న పేరు ఇంకా అలాగే ఉంది.

ఆగస్టు 28: గోపాల్‌పూర్

ఆటో మాట్లాడుకునేటప్పుడు "గోపాల్‌పూర్" అని ఊరుకుంటే పోర్టు గేటు దగ్గర దింపే ప్రమాదం ఉంది, మాకు అదే జరిగింది. పోర్టు ఉత్తరాన కిలోమీటర్ల దూరంలో ఉంది. బీచీ, లైటుహౌసూ కావాలంటే "గోపాల్‌పూర్ సముద్రకూళ" అనాలి. ఆ తప్పుకు నూట యాభై రూపాయలూ గంటసేపూ పోయాయి.

వాన, గాలి. పడవలు చాలావరకు ఇసుక మీదే ఉన్నాయి. దగ్గర్లో వల వేసి వచ్చిన రెండు బోట్ల సరుకు మాత్రమే వేలంపాటకు వచ్చింది. ఒడియావాళ్ళు వీళ్ళను నోళియా అంటారు, వీళ్ళు తమను తాము వాడబలిజ, జాలారి అని చెప్పుకుంటారు. ఇక్కడ భాష పనిని బట్టి ఎలా మారుతుందో కళ్ళారా చూడవచ్చు. వల లాగేటప్పుడు అరుపులన్నీ తెలుగు. తెప్ప, వల, గాలి, పోటు, అన్నీ మన మాటలే. చేప ఇసుక మీద పడగానే దాని పేరు మారుతుంది. బుట్టలో ఉన్నంతసేపు రొయ్య, కొనేవాడి ముందు చింగుడి. పీత కంకడా అవుతుంది, పండుగప్ప భేక్టి అవుతుంది. పాట పాడేది ఒడియాలో, ఎందుకంటే కొనేవాళ్ళు బరంపురం నుంచి వస్తారు. డబ్బు పంచుకునేటప్పుడు మళ్ళీ తెలుగు లెక్క. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, తెలుగు అక్షరాలు రావు. నోట్లో నిండుగా ఉన్న భాషను ఒక్క ముక్క చదవలేని తరం ఇది. ఇక్కడ ఎక్కువ బాధ కలిగించిన సంగతి అదే.

ఒడ్డున పాతకాలపు గోడలు కూలి ఉన్నాయి. రంగూన్‌కు ఓడలు తిరిగిన రోజుల్లో గంజాం, శ్రీకాకుళం కూలీలు ఇక్కడా బారువలోనూ ఎక్కేవారు. ఇప్పటి వలస పడమటికి. గంజాం యువకులు సూరత్ మరమగ్గాలకు, శ్రీకాకుళం మత్స్యకారులు వెరావల్ బోట్లకు. రెండు వైపులవాళ్ళూ గుజరాతీ నేర్చుకుని ఇంటికొస్తున్నారు. చేపల పాట దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఒకరినొకరు గుజరాతీలో ఆటపట్టించుకోవడం విన్నాం. ఒకడు తెలుగింటివాడు, ఒకడు ఒడియా ఇంటివాడు.

మధ్యాహ్నం వాన వెలిశాక మొగలిపొదల వైపు. తోటల గట్ల మీద, కాలువల పక్కన పొదలు. అత్తరుకు పనికొచ్చేది మగపువ్వు. తెల్లవారుజామునే కోస్తారు, ఎండ తగిలితే వాసన ఎగిరిపోతుంది. రాగి కాగులో వందల కొద్దీ పూలు, నీళ్ళు పోసి మూత చుట్టూ మట్టి మెత్తి కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా చల్లటి నీళ్ళ తొట్టిలో ఉన్న ఇంకో పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందే గంధం నూనె ఉంటే అది అత్తరు, ఏ నూనే కలపకుండా దించిన సారం రూహ్. మంట ఎక్కువైతే అడుగంటి మాడు వాసన పడుతుంది, ఆ దించు మొత్తం పాడవుతుంది. కాగును డెగ్ అని, రెండో పాత్రను భప్కా అని అంటారు. ఇవి తెలుగూ కాదు, ఒడియా కాదు, అత్తరు వ్యాపారం కన్నౌజ్‌తో ముడిపడి ఉండటం వల్ల వచ్చిన మాటలు. పూలు కోసేవారు ఒడియాలో మాట్లాడుకుంటారు, కాగు దగ్గర లెక్క హిందీలో.

ఆగస్టు 29: పర్లాకిమిడి

పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. అయినా బరంపురం నుంచి అక్కడికి రైల్లో వెళ్ళాలంటే ఆంధ్రాలోకి దిగి, నౌపడాలో గుణుపురం లైను పట్టుకోవాలి. నౌపడా ఉప్పు మడులు, తర్వాత పచ్చటి వరి, పాతపట్నం, ఆపైన పర్లాకిమిడి. పాతపట్నంలో పొద్దున్న టీ తాగి పర్లాకిమిడిలో కూరగాయలు కొనుక్కుని వచ్చేవాళ్ళకు రెండు రాష్ట్రాలన్న ధ్యాసే లేదు. పది రూపాయల టీ రెండు చోట్లా పది రూపాయలే.

గిడుగు 1880లో ఇక్కడ రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. ఊళ్ళోకి వచ్చే సవరలను చూసి, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. మనం ఆయన్ను వాడుక భాష కోసమే తలుచుకుంటాం. రాతలేని భాషను ఏళ్ళ తరబడి విన్నవాడు కాబట్టే, నోటి మాటకు వ్యాకరణం ఉంటుందని తెలుగు పండితులతో అంత ధీమాగా వాదించగలిగారని మా నమ్మకం. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అదే ఏడు మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు.

కూరగాయల బజారులో కొండ నుంచి దిగిన ఆడవాళ్ళు అడ్డాకుల కట్టలు, వెదురు కొమ్ములు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు మనతో తెలుగు, దుకాణందారుతో ఒడియా, వాళ్ళలో వాళ్ళు సవర. కట్టలు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్తగా వినండి. సవరలో పన్నెండు దాకా విడి పేర్లు, పన్నెండు మిగెల్. పదమూడుకు "పది మూడు" అనరు, మిగెల్‌బొయ్, అంటే పన్నెండు ఒకటి. అలా పంతొమ్మిది దాకా పన్నెండు మీద కలుపుతూ పోయి, ఇరవైకి బొకొడి. ముప్ఫై రెండు అంటే ఇరవై పన్నెండు. డజన్లలో కొనేవాడికి ఇది సులువు. పదుల్లో అడిగితే ఆమె ఒక్క క్షణం ఆగి తెలుగు లెక్కలోకి మారుతుంది, ఆ ఆగడాన్ని తెలియనితనం అనుకుని మోసగించాలని చూసేవాళ్ళున్నారు. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద సవర మాతృభాషగా చెప్పినవారు 4,09,549. ఆంధ్రాలో సీతంపేట వైపు, ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లో ఎక్కువ. ఇటువైపు పిల్లలు తెలుగు అక్షరాల్లో, అటువైపువాళ్ళు ఒడియా అక్షరాల్లో చదువుకుంటారు. ఒకే భాష మాట్లాడే ఇద్దరు మేనత్త మేనమామ పిల్లలు ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేరు.

రాజభవనం చూడదగినదే, బయట నుంచి అరగంట చాలు. మధ్యాహ్నం పఖాళ తిన్నాం, అరవై రూపాయలు. పులిసిన నీళ్ళన్నం, వేయించిన వడియాలు, ఎండుచేప. మన తరవాణికి అన్నదమ్ములాంటిది.

ఆగస్టు 31: బెజవాడ

ఇంటికొచ్చిన మర్నాడు, పళ్ళ బండి దగ్గర మళ్ళీ ఒడియా లాంటి మాట వినబడింది. అది ఒడియా కాదు, రెల్లి. ఉత్తరాంధ్ర నుంచి తరాల కిందట దిగివచ్చిన రెల్లివారు బెజవాడ, గుంటూరు మునిసిపాలిటీ పారిశుద్ధ్య పనుల్లో, పళ్ళ వ్యాపారంలో ఉన్నారు. వాళ్ళ ఇంటి భాష ఒడియాకు దగ్గరిది. జనగణన పట్టికల్లో రెల్లిని ఒడియా కిందే ఒక మాతృభాషగా చూపిస్తారు, ఆ పేరు అక్కడ కనబడాలంటే ఇంటివాళ్ళు "రెల్లి" అని చెప్పాలి, వచ్చినవారు అదే రాయాలి. విన్న పేరును విన్నట్టు రాయడమే గణకుల పని, అది ఏ భాష కిందికి వస్తుందన్నది తర్వాతి వాళ్ళు చూసుకుంటారు. వచ్చే జనగణనకు 2027 మార్చి 1 లెక్క తేదీ.

జామకాయలు తూస్తున్న ఆవిడను కవిటిలో అడిగిన ఐదు ప్రశ్నలే అడిగాం. అమ్మ కోప్పడింది రెల్లిలో. బడి లేదు. బేరం తెలుగు. లెక్క తెలుగు. ఏడుపు రెల్లిలో. పిల్లలకు అర్థమవుతుంది, తిరిగి తెలుగులో జవాబు చెబుతారట. కిందటిసారి ఇంటికి వచ్చినవాళ్ళు మీ భాష ఏమని రాసుకున్నారు అంటే, కిలో జామకాయలు సంచీలో పోస్తూ చెప్పింది: "తెలుగని రాసుకున్నారంట. నన్నయితే అడగలేదమ్మా."